అట్ట కింద బొమ్మ

ఆ శనివారం ఇంట్లో నలుగురం. గదిలో పెదనాన్న రామచంద్రరావు, ఆయన ఎదురుగా లాప్‌టాప్‌తో ఫ్లెక్సీలు వేసే అంజిబాబు. వంటింట్లో దొడ్డమ్మ మణి. హాల్లో, విప్పిన పటం పట్టుకుని నేను.

ఆ పటం పెదనాన్న ఈ అరబ్బు ఊళ్ళోనే, సత్వా పేటలో పాత సామాన్ల కొట్లో కొన్నారు. ఎప్పటివాడో ఇంగ్లీషు దొర. తల మీద రెండు మూరల ఎత్తు విగ్గు, ఒంటికి అతుక్కుపోయిన చారల కోటు, ముక్కు దగ్గర చేతిరుమాలు. అల్ నహ్దాలో మా ఫ్లాటుకి ఎవరొచ్చినా "లండన్ జమీందారు" అని చూపిస్తారు. ఈసారి ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభకి పెదనాన్నే అధ్యక్షులు. స్వాగతం ఫ్లెక్సీ మీద ఆ దొర ఒంటికి తన మొహం పెట్టమన్నారు.

పొద్దున అద్దం తుడుస్తుంటే వెనక మేకు ఊడి, బొమ్మ చుట్టూ ఉన్న అట్ట జారింది. దాని కింద ఇంకా బొమ్మ ఉంది. నిచ్చెనెక్కి విగ్గు దువ్వుతున్న మంగలి. పొట్ట పట్టుకుని నవ్వుతున్న చేపలమ్మే ఆవిడ. దొర బూటు మీద కాలెత్తిన కుక్క. మా ఊళ్ళో పగటివేషాలవాళ్ళు కరణంగారి వేషం కట్టినట్టు, ఇది ఆ దొరని వెక్కిరించడానికే వేశారు.

పోయినేడు ఉపన్యాసంలో తడబడితే జనం నవ్వారని పెదనాన్న రెండు నెలలు ఎవరింటికీ వెళ్ళలేదట. నేను ఊరి నుంచి వచ్చి ఎనిమిది నెలలైనా ఆయన ముందు ఒక్క మాట పూర్తిగా మాట్లాడలేదు.

"రాజసం సార్, రాజసం! మీరు యల్లా, కానీ అంటే అరగంటలో ప్రింటుకెళ్ళిపోద్ది," అంటున్నాడు అంజిబాబు.

లోపలికెళ్ళాను. "పెదనాన్నా, పంపొద్దు."

"ఏంటమ్మా, టీ తెచ్చావా?"

పటం టేబుల్ మీద పెట్టాను. అంజిబాబు కుక్కని చూసి దొంగదగ్గు దగ్గాడు. నా వెనకే వచ్చిన దొడ్డమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇదా అండీ మీ జమీందారు!"

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు విప్పమన్నారు నిన్ను? అట్ట కింద ఉన్నది ఎవడికి తెలుస్తుంది?"

అయినా నేను ఆపలేదు. "ఒక్కరికి తెలిసినా చాలు. ఫోన్లో అందరికీ చూపిస్తారు. దొరకేం, ఎప్పుడో పోయాడు. స్టేజీ మీద కూర్చోవాల్సింది మీరు."

"ఖలాస్, ఇంక చాలు. బయటికి నడు."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. "తీసేస్తానంటేనే వెళ్తాను."

పెదనాన్న కుక్క బొమ్మని ఇంకోసారి చూసి, పటం బోర్లా తిప్పేశారు.

"అంజిబాబూ, నా పాస్‌పోర్టు ఫోటో ఉందిగా నీ దగ్గర. అదే పెట్టు," అన్నారు పెదనాన్న. లేచి వచ్చి, నా మొహం చూడకుండా తలుపు వేసేశారు.