తొక్కు, పట్టుకో, ఇడువు

శంకరవ్వ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుండగా బయటినుంచి మొగుడి పిలుపు వినబడింది.

"ఏమే, జర వచ్చి తొక్కు."

ఆ మాటకు ఆ ఇంట్లో ఒకటే అర్థం. చాట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని ఆమె జీపు దగ్గరికి నడిచింది. కైలాసం అప్పటికే వెనక చక్రం పక్కన గోనెసంచి పరుచుకుని బండికిందికి దూరాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆమె డ్రైవరు సీటెక్కి, చీర కాస్త పైకి దోపుకుని, కుడికాలు బ్రేకు మీద పెట్టింది.

"తొక్కు." తొక్కింది. "పట్టుకో." పట్టుకుంది. కింద అతను పానాతో చక్రం వెనకున్న చిన్న నిప్పల్‌ను వదులు చేయగానే ఆమె కాలికింద పెడలు మెత్తగా అడుగుదాకా జారిపోయింది. గొట్టాల్లో చేరిన గాలి అట్లా నూనెతో కలిసి బయటికి పోతుంది. అతను నిప్పల్ బిగించి "ఇడువు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది.

మిలిట్రీ వాళ్లు వేలం వేసిన ఆ జీపు ఉట్నూరుకు వచ్చిన ఏడాదే ఆమె కూడా కోడలిగా వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. బస్సు మొహం చూడని గూడేలకు కూడా వానకాలంలో బురదలోంచి పోయి వస్తుంది. తొమ్మిదేళ్లుగా దాని బ్రేకుల్లో గాలి తీసిన ప్రతిసారీ తొక్కింది శంకరవ్వే. చొప్పదండిలో చిన్నప్పుడు తండ్రి మగ్గం గుంటలో కూర్చుని కర్రలు తొక్కిన కాలు అది. పోగు ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో కంటికంటే ముందు కాలికే తెలిసేది. ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు స్టీరింగు పొట్టకు ఒత్తుకుంటోందంటే, "కాలుతోని పనిగద, కడుపుతోని ఏం పని" అన్నాడు కైలాసం. అన్నవాడే మళ్లీ లేచి, తన తువ్వాలు మడతపెట్టి ఆమె నడుముకు ఆనించాడు. అతనిలో ఆ ఇద్దరు మనుషులూ ఉన్నారు. వాళ్లలో ఎవరితో కాపురం చేస్తోందో ఆమెకు ఇన్నేళ్లలో తేలలేదు. ఒకసారి ఇచ్చోడ హోటలు ముందు ఇంకో జీపు నడిపే లక్ష్మీరాజం అడిగాడు, "మిస్త్రీ లేకుంట బిరేకులు ఒక్కనివే ఎట్ల జేసుకుంటవన్నా" అని. "ఇంకెవలున్నరు, నేనే" అన్నాడు కైలాసం చాయ్ ఊదుకుంటూ. ఆమె వెనక సీట్లో పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చునే ఉంది. ఆ మాట ఇప్పటికీ నోట్లో పడ్డ ఇసుకలా అప్పుడప్పుడు కరకరలాడుతుంది.

ఇవాళ తొందర ఎక్కువగా ఉంది. దవాఖాన నర్సు తారాబాయి పొద్దున్నే ఒక గోండు గూడెం పిల్లను నడిపించుకుని వచ్చింది. తొమ్మిదో నెల. మొహం, పాదాలు నీరు పట్టి ఉబ్బాయి. సాయంత్రంలోగా ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు చేర్చాలని తారాబాయి చెప్పింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని జీపు వైపే చూస్తున్నారు.

నాలుగు చక్రాలూ అయ్యాయి. కైలాసం లేచి మట్టి దులుపుకున్నాడు. "అయిపోయింది, దిగు."

శంకరవ్వ దిగలేదు. కాలు ఇంకా పెడలు మీదే ఉంది. తొక్కగానే గట్టిగానే ఆగింది. కానీ అట్లాగే పట్టుకుని ఉంటే, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి, మెల్లగా కిందికి పోతోంది. ఆమె వదిలి, మళ్లీ తొక్కి చూసింది. మళ్లీ అదే.

"ఆగు. ఇది దిగుతాంది."

"నీ కాలు జారుతుండొచ్చు."

"కాలు జారుతలేదు. గాలుంటె మొదట్నే మెత్తగుంటది. ఇది మొదలు గట్టిగనే ఉండి, పట్టుకుంటె దిగుతాంది. ఏడనో నూనె పోతాంది."

కైలాసం మొహం ఎర్రబడింది. "బండి నడిపేది నువ్వా, నేనా?"

"నడిపేది నువ్వే. తొక్కేది నేను."

అత్త బుచ్చవ్వ గడపలోంచి తొంగిచూసింది. "కూసొని కాలు ఊపుడు గూడ పనే అయింది నీకు. ఇంక బియ్యం ఎసట్ల వడలే."

"కైలాసం, ఈ పోరికి టైము లేదు," అంది తారాబాయి. "ఏదో ఒకటి చెప్పు. బండి లేదంటే వేరే చూసుకుంటా."

శంకరవ్వ అరుగు వైపు చూసింది. ఆ పిల్ల కడుపుమీద చెయ్యి వేసుకుని, భాష సగమే అర్థమైనట్టు అందరి మొహాలూ చూస్తోంది. ఇరవై ఏళ్లుండవు. ఆలస్యమై ఆమెకేమన్నా అయితే తనదే పాపమంటారు. ఆలస్యం కాకుండా పోయి గుట్ట దిగుడులో బ్రేకు పడకపోతే అనడానికి ఎవరూ మిగలరు. తనే పొరపడిందా? మరోసారి తొక్కింది. కాలు అబద్ధం చెప్పడం లేదు.

"నేను దిగ," అంది నెమ్మదిగా. "నువ్వు ఒక్కసారి చూసి రా."

కైలాసం ఆమె మొహంలోకి చూశాడు. విసురుగా వంగి ఒక్కో చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. మూడు చక్రాలు పొడిగానే ఉన్నాయి. ముందు ఎడమ చక్రం దగ్గర పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. తీసి చూసుకుంటే వేళ్లు నూనెతో మెరుస్తున్నాయి.

"లోపల రబ్బరు చినిగింది," అన్నాడు. గొంతులో వేడి లేదు. "డబ్బాల కొత్తదున్నది. జర ఆగు, తారాబాయ్. గంటన్నా కావాలె."

తారాబాయి శంకరవ్వ వైపు ఒకసారి చూసి, ఆ పిల్లను అరుగు మీదే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. బుచ్చవ్వ లోపలికి పోయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

కైలాసం చక్రం ఊడదీసి, డ్రమ్ము తీసి, రూపాయి బిళ్లంత లేని రబ్బరు మార్చాడు. అన్నీ బిగించి కొత్త నూనె పోశాడు. గొట్టం విప్పిన చోటల్లా గాలి చేరుతుంది కాబట్టి మళ్లీ గాలి తీయాలి. గోనెసంచి జరుపుకుంటుంటే శంకరవ్వ సీటు దిగి వచ్చింది.

"కింద నేను పండుకుంట. నువ్వు తొక్కు."

"ఎందుకు?"

"తొమ్మిదేండ్ల సంది తొక్కుతున్న. పోయే గాలి ఎట్లుంటదో ఒక్కసారి గూడ సూడలే."

అతను ఆమె వైపు చూశాడు. పానాకు అంటిన నూనెను తన అంగీ అంచుతో తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఎటు తిప్పితే వదులవుతుందో, ఎంత తిప్పాలో పక్కన కూర్చుని చూపించాడు. తర్వాత సీటెక్కాడు.

బండికింద నేల చల్లగా ఉంది. తడిమట్టి వాసన, నూనె వాసన కలిసి వచ్చాయి. నిప్పల్‌కు తొడిగిన సన్నని గొట్టం రెండో కొస గాజుసీసాలోని నూనెలో మునిగి ఉంది.

"తొక్కు," అంది శంకరవ్వ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పట్టుకో."

పానా తిప్పింది. సీసాలో బుడగలు లేచాయి. మొదట శనగగింజంతవి, తర్వాత ఆవగింజంతవి, గుంపుగా పైకొచ్చి పగిలిపోయాయి. ఇన్నేళ్లూ తన కాలు చేసిన పని ఇది. ఎంతమంది ఈ బండెక్కి గుట్టలు దిగారో, పిల్లాజెల్లా ఇంటికి చేరారో, అందులో తన కాలి పని ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అనుకొమ్మని ఎవరూ చెప్పనూ లేదు. కళ్లలో నీళ్లు తిరిగి సీసా మసకబడింది. మోచేత్తో తుడుచుకుని నిప్పల్ బిగించింది.

"ఇడువు."

ఆరోసారికి బుడగ ఒక్కటీ రాలేదు. అయినా ఆమె ఇంకోసారి తొక్కించి, సీసాలోని నూనెనే చూస్తూ ఉండిపోయింది. పైన కైలాసం కాలు పెడలు మీదే ఉంది. ఎంతసేపని అడగలేదు.

జీపు మధ్యాహ్నానికి ముందే కదిలింది.

పొద్దు గూకుతుండగా తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. శంకరవ్వ అన్నం వడ్డించింది.

"దవాఖానల చేర్చుకున్నరు," అన్నాడు. "సూది ఏసిన్రు. టైముకే తెచ్చినవని డాక్టరమ్మ తారాబాయికి చెప్పిందట." రెండు ముద్దలు తిన్నాడు. "గుట్ట దిగుతుంటె మూల తిరగంగనే ఎడ్లమంద అడ్డమొచ్చింది."

"పెడలు ఎంత దూరం పోయింది?"

అతను తలెత్తాడు. సాటి మిస్త్రీ అడిగినట్టు అడిగిన ఆ ప్రశ్నకు, ఎడమచేతి వేళ్లతో కొలత చూపించాడు. "గింత. ఆన్నే ఆగింది."

"అయితె మంచిగనే ఉన్నది." ఆమె పప్పు వేసి, తన కంచం కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అతనితోపాటు కూర్చుని తినడం ఆ ఇంట్లో అదే మొదలు. బుచ్చవ్వ పొయ్యి దగ్గర్నుంచి చూసి, కట్టెలు లోపలికి తోసింది.

"రేపు బండి ఖాళీనేగద," అంది శంకరవ్వ. "నాకు నడుపుడు నేర్పు."

కైలాసం కలిపిన అన్నమే మళ్లీ కలిపాడు.

"నడుపుడంటె బిరేకు ఒక్కటే గాదు. క్లచ్చుంటది. ఎడమకాలు గూడ గావాలె."

"నాకున్నది," అంది శంకరవ్వ.