ఆయుధపూజ నాడు ఆగిన లెక్క

నేను ఒక కంప్యూటర్‌ని. లేడీస్ హాస్టల్ కింది అంతస్తు స్టోర్‌రూమ్‌లో, విరిగిన మంచాల మధ్య ఉన్నాను. నా నుదుట ఎండిపోయిన కుంకుమబొట్టు ఉంది. తప్పు జరిగింది ఆ బొట్టు పెట్టిన రోజే.

నా మొదటి యజమాని హైదరాబాద్‌లో ఒక సినిమా గ్రాఫిక్స్ కంపెనీ. అక్కడ ఊళ్లకు ఊళ్లను వరదలో ముంచాను. జనం ఈలలు వేశారు. కొత్త యంత్రాలు వచ్చాక నన్ను ఈ యూనివర్సిటీకి చవగ్గా వదిలించుకున్నారు. ఇక్కడ హైమవతి అనే పరిశోధకురాలు నాకు నిజమైన నీళ్ల లెక్క అప్పజెప్పింది.

హాస్టల్ కట్టబోయే చోట నల్లరేగడి. ఆ మట్టి లోపల పుస్తకంలో కాగితాల్లా పొరలుంటాయి. పొరల మధ్య సోడియం. తడి తగిలితే నీటి అణువులు ఆ సందుల్లో దూరి పొరల్ని ఎడం చేస్తాయి, నేల ఉబ్బుతుంది. ఎంత ఎడం అవుతాయో నేను చెబితే, పునాది ఎంత లోతు తీయాలో ఇంజనీర్లు తేలుస్తారు.

నలభై రోజులు ఊపిరాడకుండా పనిచేశాను. పొరల మధ్య ఒక వరస నీళ్లు చేరాయి. తర్వాత రెండో వరస. అక్కడ పొరల ఎడం చూపే అంకె నిలబడింది. అలిసిపోయి కాదు, మూడో వరస కోసం కాచుకుని.

అంతలో ఆయుధపూజ వచ్చింది. ప్రొఫెసర్ గోవర్ధనం గారు పసుపు, కుంకుమ పట్టుకుని లోపలికొచ్చారు.

"సార్, లెక్క ఇంకా నడుస్తోంది," అంది హైమవతి.

"ఏడాదికోసారైనా దానికి విశ్రాంతి వద్దా అమ్మా? నడిచే యంత్రానికి పూజేమిటి? ఆపెయ్."

నన్ను ఆపారు, దండ వేశారు, నిమ్మకాయ కోశారు. మర్నాడు ఆయన అంకె చూసి, "వారంగా కదల్లేదుగా, ఇంతే ఇది," అని రిపోర్టు పంపించేశారు. హైమవతి ఆగిన లెక్కను నాలోనే భద్రపరిచింది. పునాది ఆ అంకె చూసే తీశారు. పాతబడిపోయానని చివరికి నన్ను ఆ భవనంలోనే పడేశారు.

ఈ జూలైలో గోడమీద వేలు పట్టేంత బీట పడింది. సున్నం కొట్టారు. మళ్లీ విచ్చుకుంది. అది చూసిన హైమవతి నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆగిన చోటి నుంచే లెక్క మొదలుపెట్టింది. పన్నెండు రోజులు రోజూ వచ్చి చూసుకుంది.

ఈ మధ్యాహ్నం జల్లు లోపలికి కొడుతోందని తలుపు గట్టిగా తోసి మూసింది. అప్పుడే మూడో వరస దూరింది. వెంటనే నాలుగోది. ఇక పొరలకు ఒకదానితో ఒకటి సంబంధం తెగిపోయింది, నేల ఉబ్బుకు హద్దు లేదు.

హైమవతి ఫోన్ చేసింది. "సార్, హాస్టల్ ఖాళీ చేయించాలి. ఇప్పుడే."

"కంప్యూటర్‌లో బొమ్మ చూసి రెండొందల మందిని వానలో నిలబెడతావా?"

"బొమ్మ కాదు సార్, మీరు ఆపమన్న లెక్క!"

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తి గుంజింది. రాలేదు. ఉబ్బిన నేల గడపను పైకెత్తి తలుపును బిగించేసింది. క్లాసులైపోయిన అమ్మాయిలు మెట్లెక్కుతున్నారు. ఆమె రెండు చేతులతో తలుపు బాదింది.

"ఎవరే అది, స్టోర్‌రూమ్‌లో దయ్యమా?" ఒకమ్మాయి నవ్వింది.

"పైకెళ్లకండే! బయటికి పొండి!"

వాళ్లు కెవ్వుమని అరిచి, నవ్వుకుంటూ పైకే పరిగెత్తారు. పైకప్పు నుంచి నా మీద పిడికెడు సున్నం రాలింది. నా తెర మీద అంకె పెరుగుతూనే ఉంది. ఈసారి నన్ను ఆపమనేవాళ్లు ఎవరూ లేరు.