ముట్టుకోని నలభై నిమిషాలు

శుక్రవారం సాయంత్రం మా ఆడపడుచు ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే హాల్లో నేల మీద కూలబడింది. పనిముట్ల సంచి పక్కన పడేసి, "సోమవారం నుంచి గోడౌన్‌కి పొమ్మన్నారు వదినా," అంది.

తను లిఫ్టు మెకానిక్కు. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. ఎంత ఇరుకు సందులోనైనా దూరిపోతుందని చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పెట్టిన 'పిచ్చుక' అనే పేరే కంపెనీలోనూ నిలిచిపోయింది. నాలుగేళ్ళు గ్రీజు పూసి, బోల్టులు బిగించి, పరీక్ష రాసి, రెండు నెలల క్రితమే ఎమర్జెన్సీ జట్టులోకి వచ్చింది. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుంటే వెళ్ళి బయటికి తీసే జట్టు అది. మొత్తం అయిదుగురు. వాళ్ళలో ఆడమనిషి పిచ్చుక ఒక్కతే.

ఎక్కడ లిఫ్టు ఆగినా, ఆ దగ్గర్లో ఉన్న మెకానిక్కు ఫోన్లో కంపెనీ యాప్ మోగుతుంది. మామూలు మోత కాదు, సైరన్. మూడు నిమిషాల్లో 'వెళ్తున్నాను' అన్న బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, వీళ్ళ పేరు మీద ఒక తప్పు పడుతుంది. నెలలో మూడు పడితే జట్టులోంచి తీసేసి, గోడౌన్లో నూనె డబ్బాలు సర్దే పనికి పంపుతారు.

"మూడోది ఇవాళ పడింది," అంది పిచ్చుక. "ఒట్టు వదినా, మోగలేదు. భోజనం చేస్తున్నాను. ఫోను నా డబ్బా పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో. మోగనే లేదు."

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "సైలెంట్లో పెట్టి ఉంటావులే," అన్నాడు.

"సైలెంట్లో పెట్టాల్సింది నీ నోటిని అన్నయ్యా."

"సూపర్‌వైజరుకి చెప్పలేదూ?" అని అడిగాను.

"చెప్పా. 'నా ఫోన్లోనూ అదే యాప్ ఉంది, అన్ని సైరన్లూ నాకూ వస్తాయి, ఆర్నెల్లలో ఒక్కటి తప్పలేదు. లోపం యాప్‌లో లేదమ్మా, నీ ధ్యాసలో ఉంది' అన్నాడు. అందరి ముందూ! వెనక నుంచి ఎవరో 'పిచ్చుక గూట్లో కునుకు తీసిందేమో' అన్నారు కూడా. తల కొట్టేసినట్టయింది." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. బాధకంటే కోపం ఎక్కువగా ఉన్న ఏడుపు అది.

ఆ అమ్మాయి అబద్ధమాడదు. ఆడాల్సి వస్తే ఇంతకంటే బాగా ఆడుతుంది. అందుకని, ముందు తప్పిపోయిన రెండూ ఎప్పుడని అడిగాను. ఒకటి కూడా మధ్యాహ్నం భోజనం వేళే. రెండోది, తను లిఫ్టు గుంటలో దిగి గంటసేపు గ్రీజు పూస్తున్నప్పుడు. ఫోను పై జేబులోనే ఉంది. మరి మోగినవి? "ఎప్పుడూ నేను ఫోన్ చూస్తూ ఉన్నప్పుడే మోగుతాయి. అదే విచిత్రం," అంది.

"ఏదీ, ఇలా ఇవ్వు."

సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యాటరీ పేజీ తెరిచాను. ఏ యాప్ ఎంత ఛార్జింగ్ తిన్నదో అక్కడ వరసగా ఉంటుంది. కంపెనీ యాప్ ఎక్కడుందా అని కిందికి జరుపుతూ పోయాను. అట్టడుగున దొరికింది. దాని ఎదురుగా సున్నా.

పగలంతా మేలుకుని కాపలా కాయాల్సిన మనిషి ఒక్క మెతుకైనా ముట్టలేదంటే మేలుకుని లేడన్నమాట. నిద్రపుచ్చిందెవరో నాకు తెలుసు.

మూడు వారాల కిందట ఫోను మధ్యాహ్నానికే చచ్చిపోతోందని పిచ్చుక గొడవ చేస్తే, వంటిల్లు సర్దుకున్నాక ఆ ఫోను ముందేసుకుని కూర్చున్నది నేనే. ఇంట్లో అనవసరంగా వెలిగే దీపం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అదే చేత్తో, ఎక్కువ తినే యాప్ ఏదా అని చూశాను. కంపెనీ యాప్ అందరికంటే పైన కూర్చుని ఉంది. వాడనప్పుడు కూడా ఇంత మేతా అనుకుని 'గాఢ నిద్ర' అని ఉన్న జాబితాలోకి తోసేశాను. పవర్ సేవింగ్ కూడా ఆన్ చేశాను. ఆ తర్వాత ఛార్జింగ్ రెండ్రోజులు ఆగింది. ఇంటిల్లిపాదీ నన్ను నెత్తిన పెట్టుకున్నారు. నేనూ కాస్త ఎక్కువే పొంగాను.

"పిచ్చుకా, అది మోగకపోవడానికి కారణం నేను," అన్నాను. జరిగింది చెప్పాను.

రెప్ప వెయ్యకుండా చూసింది. "'మా వదిన చెయ్యి పడితే ఫోనుకైనా ఆయుష్షు పెరుగుతుంది' అని ఆఫీసంతా చెప్పుకున్నాను వదినా. దానికి పెరిగింది. నాకు మూడింది," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ పూట నాతో మాట్లాడలేదు. శనివారం పొద్దున మాత్రం నా కాఫీ కప్పు పక్కన ఫోను టక్కున పెట్టింది. "పాడుచేసినవాళ్ళే బాగుచెయ్యాలి. సోమవారం పదింటికల్లా, నేను గోడౌన్‌కి వెళ్ళేలోపు."

యాప్‌ని ఆ జాబితాలోంచి తీసెయ్యడం అర నిమిషం పని. తీసి, "అయిపోయింది," అనబోయి ఆగాను. అయిపోయిందని మొదటిసారీ అనుకున్నాను కదా. ఈసారి రుజువు కావాలి. కంపెనీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ఆవిడ పిచ్చుకకు మంచి స్నేహితురాలు. ఆవిడ తన కంప్యూటర్లోంచి ఎవరి ఫోనుకైనా పరీక్ష సైరన్ పంపగలదు. అడిగితే, "పంపుతాను గానీ, చెవుల్లో దూది పెట్టుకోండి," అని నవ్వింది.

పాత నోటుబుక్కు తీసి గీతలు గీశాను. ఫోన్ని బల్ల మీద పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా అయిదు నిమిషాలాగి సైరన్ పంపమన్నాం. మోగింది. పది నిమిషాలాగి పంపమన్నాం. మోగింది. నలభై నిమిషాలాగి పంపమన్నాం. మోగలేదు.

"చూశావా! మళ్ళీ పడుకుంది!" పిచ్చుక ఒంటికాలి మీద లేచింది. కోపంలో నా మీద అలక సంగతే మర్చిపోయింది.

యాప్ పేరు మీద నొక్కి లోపలికి వెళ్తే, బ్యాటరీ దగ్గర 'ఆప్టిమైజ్' అని ఉంది. అంటే, మనం ఆ యాప్‌ని కాసేపు వాడకపోతే ఫోనే దానికి జోల పాడేస్తుంది. దాన్ని 'పరిమితి లేదు' అని మార్చాను. మళ్ళీ నలభై నిమిషాలు. ఈసారి ఇల్లెగిరిపోయేట్టు మోగింది. ఇద్దరం గంతులేశాం. అంతలో మా ఆయన వచ్చి, "ఛార్జింగ్ పెట్టి ఉంది, చూసుకున్నారా?" అన్నాడు. నిజమే. ఎవరి చెయ్యో అలవాటు కొద్దీ వైరు గుచ్చేసింది. ఆ చెయ్యి ఎవరిదో నేను విచారించలేదు.

వైరు తీసి మళ్ళీ పెట్టాం. మోగలేదు. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ ఫోను పొదుపు సంగతి మర్చిపోతుందని, వైరు తీస్తేనే దాని అసలు బుద్ధి బయటపడుతుందని అప్పుడు తెలిసింది. నోటుబుక్కులో ఆ మాట రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

ఆదివారం పొద్దున పవర్ సేవింగ్ తీసేశాను. యాప్ వెనకాల ఉండి నెట్ వాడుకోవడానికి ఇవ్వాల్సిన అనుమతి కూడా మూసి ఉంటే తెరిచాను. పదకొండింటికి పెడితే పదకొండూ నలభైకి సైరన్ పడింది. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. నాకు ఒక్కసారి చాలదు. వైరు లేకుండా ఇంకో రెండుసార్లు చేయించాను. రెండుసార్లూ మోగింది.

"మరి మధ్యాహ్నానికి చచ్చిపోతే?" అంది పిచ్చుక.

"దానికి వేరే వాళ్ళున్నారు," అని బట్టల షాపింగ్ యాప్‌ని, రెండు ఆటల్ని, వీడియోల్ని నిద్రకు పంపాను. తెర వెలుతురు సగానికి దించాను.

"నా బట్టల జోలికి రాకు వదినా!"

"ఉద్యోగం ఉంటే కొనుక్కుందువుగానీ."

సోమవారం తొమ్మిదిన్నరకే ఆఫీసుకు వెళ్ళాం. గోడ మీద తెల్ల బోర్డు, దాని మీద రెండు గళ్ళు: ఎమర్జెన్సీ, గోడౌన్. పిచ్చుక పేరు అప్పటికే రెండో గడిలో ఉంది. జట్టులోని నలుగురు మగవాళ్ళూ బల్ల చుట్టూ టీ తాగుతున్నారు. సూపర్‌వైజరు యాభై దాటిన మనిషి, చొక్కా మీద మడత నలగలేదు. ఆయన ఫోను బల్ల మీద స్టాండులో నిటారుగా నిలబడి ఉంది. కిందినుంచి తెల్ల వైరు.

పిచ్చుక జరిగింది చెప్పబోతే ఆయన చెయ్యెత్తాడు. "అమ్మా, కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇరుక్కున్నవాళ్ళకి కారణాలతో పని లేదు. మీరెవరు?"

"వాళ్ళ వదినని. ఆ యాప్‌ని తెలియక నిద్రపుచ్చింది నేనండీ. మూడు తప్పులూ నావి. అమ్మాయివి కావు."

వెనక నుంచి ఒకడు, "ఇంట్లోవాళ్ళ చేత ఫోను చూపించుకుంటే అంతే మరి," అన్నాడు. నవ్వులు.

"అంతే అయితే ఇంటి దగ్గరే సరిచేసుకుని వచ్చేవాళ్ళం," అన్నాను. "కానీ నేను ఏమీ ముట్టుకోకపోయినా ఫోను తనంతట తనే దాన్ని పడుకోబెడుతోంది. ఈ నలుగురి ఫోన్లూ అంతే అయ్యుంటాయి, ఎప్పుడూ చేతిలో ఉండబట్టి బయటపడలేదు."

"నా ఫోన్లో ఒక్కటి తప్పలేదని చెప్పాను కదా," అన్నాడాయన.

"ఆ వైరు తీస్తారా సార్?"

"ఏంటి?"

"మీ ఫోను ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. మెకానిక్కుల ఫోన్లు జేబుల్లో ఉంటాయి. వైరు తీసి, ఆరు ఫోన్లూ బల్ల మీద పెట్టి, నలభై నిమిషాలు ఎవరూ ముట్టుకోకండి. తర్వాత అన్నిటికీ పరీక్ష సైరన్ పంపించండి. మా పిచ్చుకది మోగకపోతే గోడౌన్‌కి నేనే దింపి వస్తాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. మొండిమనిషే గానీ అన్యాయం చేసే మనిషి కాదు. వైరు లాగేశాడు.

ఆ నలభై నిమిషాలూ గడవడానికి నాలుగు గంటలు పట్టినట్టుంది. ఒకతను అలవాటు చొప్పున రెండుసార్లు ఫోన్ వైపు చెయ్యి చాపి, రెండుసార్లూ పక్కవాడి చేత మొట్టికాయ తిన్నాడు. పిచ్చుక అరచేతుల మీద కూర్చుంది. ఇంట్లో మూడుసార్లు మోగింది నిజమే, అయినా ఇది ఇల్లు కాదు. మోగకపోతే నాలుగేళ్ళ కష్టం రెండోసారి నా చేతుల మీదుగానే పోతుంది.

"పంపుతున్నా," అంది కంప్యూటరు ముందున్న స్నేహితురాలు.

ఒక్క సైరన్. పిచ్చుక ఫోను బల్ల మీద గిరగిరా తిరుగుతూ అరిచింది. మిగతా అయిదూ పలకల్లా పడి ఉన్నాయి. పిచ్చుక బటన్ నొక్కి ఆపింది.

"మళ్ళీ పంపు," అన్నాడు సూపర్‌వైజరు. మళ్ళీ పంపింది. మళ్ళీ అదొక్కటే.

ఆయన నమ్మలేక తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తెర వెలిగిందో లేదో, ఆగి ఉన్న సైరన్లు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఆయన మొహంలో మోగాయి. ఉలిక్కిపడి ఫోన్ వదిలేశాడు. నలుగురూ పొట్టలు పట్టుకున్నారు.

"నవ్వింది చాలు," అన్నాడు గానీ ఆయన మూతి కూడా వంకర తిరిగింది. తర్వాత పిచ్చుక వైపు తిరిగాడు. "ధ్యాస అన్నాను. తప్పుగా అన్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను." లేచి వెళ్ళి బోర్డు మీద రెండో గడిలోని పేరు చేత్తోనే చెరిపేశాడు. మార్కరు కోసం వెతుకుతున్నాడు. అంతలోనే మళ్ళీ సైరన్.

"నేను పంపలేదు," అంది స్నేహితురాలు. "ఇది నిజందే. ఏడంతస్తుల ఆఫీసు భవనం. లోపల ముగ్గురు."

పిచ్చుక అప్పటికే బటన్ నొక్కి, సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటేసింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, తర్వాత స్కూటర్ చప్పుడు.

నేను కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. "ఒక్కొక్కరూ ఇటివ్వండి ఫోన్లు. తాళం తీసి ఇవ్వండి. నా ఇష్టం వచ్చినట్టు చెయ్యను, ఏం మారుస్తున్నానో చూపించి మారుస్తాను." ఇందాక ఇంట్లోవాళ్ళని ఎకసెక్కం ఆడినతనే అందరికంటే ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఆట మాత్రం నిద్రపుచ్చకండి, ప్లీజ్," అన్నాడు. మొదట దాన్నే నిద్రపుచ్చాను.

మూడో ఫోనులో ఉండగా కంప్యూటరు దగ్గర స్పీకరు గరగరలాడింది. పిచ్చుక గొంతు, ఆయాసంతో. "కరెంటు ఆపి, మెషీన్ గదిలో బ్రేకు వదిలి, నాలుగో అంతస్తుకు సమంగా దింపాను. తలుపు తీశాను. ముగ్గురూ బయటికొచ్చారు. ఒకావిడ నన్ను కావలించుకుని వదలట్లేదు. ఆవిడ తెల్ల చీరంతా గ్రీజు అయిపోయింది, చెప్పినా వినట్లేదు!"

గదిలో ఈలలు, చప్పట్లు. నలుగురూ బల్ల మీద దరువేశారు. సూపర్‌వైజరు గడియారం చూసి, "సైరన్ నుంచి పంతొమ్మిది నిమిషాలు. ఈ నెలలో ఇంత త్వరగా ఎవరూ తియ్యలేదు," అన్నాడు. దొరికిన మార్కరుతో బోర్డు మీద మొదటి గడిలో, అన్ని పేర్లకంటే పైన, పెద్ద అక్షరాలతో 'పిచ్చుక' అని రాశాడు. పక్కన పంతొమ్మిది అని వేసి చుట్టూ గుండ్రంగా గీశాడు.

స్పీకర్లోంచి, "వదినా, ఉన్నావా?" అని వినిపించింది.

"ఉన్నానే."

"ఇంటికి బస్సెక్కకు. నేనే వచ్చి తీసుకెళ్తా."