మూడో ఏటి గుర్రం

నూబే మార్చిలో చనిపోయింది. క్రిస్మస్ ముందురోజు ఊరేగింపులో ఆ పిల్ల ఎక్కాల్సిన గుర్రం మీద నా కూతురు యోర్లే కూర్చుంది.

మేము వెనిజులా వదిలి పరాయి దేశంలోని ఈ క్వెంకా ఊరికి వచ్చినప్పుడు గది ఇచ్చింది నూబే వాళ్ళమ్మ తర్హేలియా. ఆమె రొట్టెల బట్టీలోనే నాకు పని. నూబేకి ఊపిరితిత్తుల జబ్బు. పిల్ల కోలుకుంటే బాలయేసు ఊరేగింపులో మూడేళ్ళు గుర్రమెక్కిస్తానని తర్హేలియా మొక్కుకుంది. రెండేళ్ళు ఎక్కింది. మూడో ఏడు రాకముందే జబ్బు తిరగబెట్టింది.

"పిల్లనే తీసుకుపోయాక ఇంకా మొక్కేంటక్కా?" అన్నాను ఒకరోజు పిండి పిసుకుతూ.

"ఆయన చేసింది ఆయన చేశాడు. నా మాట నాది. నీ పిల్లని ఒక్క పూటకి ఇవ్వవే మర్బేలీ. బట్టలు కూడా సరిపోతాయి."

సరిపోయాయి. కుట్టుపూల గాగరా, శాలువా, రిబ్బన్ల టోపీ, అన్నీ యోర్లేకి కొలిచి కుట్టినట్టే పట్టాయి. నాకు ఒళ్ళు జలదరించింది. కానీ అప్పటికే సరేననేశాను.

ఆ పొద్దున వీధంతా పిల్లలే. రెక్కలు జారిపోతున్న దేవదూతలు, నిద్రమొహాల గొర్రెల కాపరులు, మసి మీసాల రాజులు. గుర్రాల వీపుల మీద నోట్లో మిరపకాయ పెట్టిన కాల్చిన పందులు, రొట్టెలు, పళ్ళు, సారా సీసాలు. తర్హేలియా కళ్ళెం పట్టుకుని మా గుర్రాన్ని నడిపిస్తోంది. నేను జనంలో నిలబడి చూస్తున్నాను.

"ఏంటే వెనిజులా మహారాణీ, కూతురు గుర్రమెక్కితే నీ మొహం అలా మాడిపోయిందేం?" అంటూ పక్కింటావిడ నా చేతిలో చిచా గిన్నె పెట్టింది. "తాగు, తాగు. మొక్కజొన్న నీళ్ళేగా, ఏం కాదులే."

నవ్వాను. అప్పుడే ఎవరో ముసలాయన గుర్రం దగ్గరికి వెళ్ళి, "నూబే! ఎంత పెద్దదానివయ్యావే తల్లీ!" అని అరిచాడు. పాపం ఆయనకి తెలియదు. తర్హేలియా చెప్పనూ లేదు. యోర్లే నవ్వి ఆయన మీదికి మిఠాయిలు విసిరింది, ఎడమ చేత్తో. ఎడమచేతి వాటం నూబేది. నా కూతురు ఏం చేసినా కుడిచేత్తోనే.

"యోర్లే!" అని పిలిచాను. తిరగలేదు. బ్యాండు గోలలో వినపడలేదేమో అనుకుని, జనాన్ని తోసుకుంటూ గుర్రం పక్కకి వెళ్ళి మళ్ళీ పిలిచాను. టోపీ కదల్లేదు. నాకు నిజంగా భయం వేసింది. ఈ పరాయి ఊళ్ళో నాకున్నది అదొక్కతే.

"పలకదు," అంది తర్హేలియా నావైపు చూడకుండా. "చర్చి దాకా అది నూబే. పోయిన పిల్ల బదులు ఎక్కితే ఆ పేరుతోనే పోవాలి. బాలయేసుకి చూపించాక దీని అసలు పేరు పెట్టి పిలిచి నేనే దింపుతా. మా అమ్మ అలాగే చెప్పేది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. కోపంతో కళ్ళెం లాక్కోబోయాను. ఆమె పిడికిలి చూసి ఆగిపోయాను. వేళ్ళు తెల్లబడిపోయాయి.

"చర్చి దాకానే కదే," అంది మెల్లగా.

చర్చి గుమ్మంలో బాలయేసు బొమ్మను ఎత్తి పట్టుకున్నారు. తర్హేలియా మోకరిల్లింది. "మూడో ఏడు కూడా తెచ్చాను స్వామీ. మొక్కు తీరిపోయింది." లేచి పిల్లకేసి చేతులు చాపింది. నోరు తెరిచింది. పేరు రాలేదు.

వెనక గుర్రాలు ఆగిపోయాయి. "కదలండమ్మా, ఇక్కడే కాపురం పెడతారా?" అని ఎవరో విసుక్కున్నారు. నేను పిలవొచ్చు. పిలవాలనే ఉంది. కానీ ఆ పేరు పలికితే ఆమె కూతురు మళ్ళీ పోతుంది.

"అమ్మా, దిగనా?" అంది పిల్ల. అడిగింది నన్ను కాదు.

తర్హేలియా కళ్ళు మూసుకుంది. "దిగు, యోర్లే."

యోర్లే జారి దిగి, పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కాయని, ఆకలేస్తోందని గొణిగింది. దాన్ని గట్టిగా హత్తుకున్నాను. తర్హేలియా చేతులు మాత్రం ఇంకా జీనువైపు చాచే ఉన్నాయి, ఇంకో పిల్ల దిగాల్సి ఉన్నట్టు. నేనూ తలెత్తి చూశాను.