తలుపు కింద సందు

చల్లపల్లిలో వెంకటప్పయ్య ఐసు ఫ్యాక్టరీ పెట్టి ఆరేళ్లయింది. ఐసు నిలవ ఉంచే గదిలోని చలి నేలలోకి దిగేది. అడుగున నల్లమట్టిలోని నీరు గడ్డకట్టి గచ్చు ఏటా పైకి లేచేది. తలుపు పట్టేసేది. ప్రతి వేసవిలో వడ్రంగి దాదాపీర్ వచ్చి దాని కింది అంచు అర అంగుళం కోసి వెళ్లేవాడు.

1977 నవంబరు తుఫానుకు కరెంటు స్తంభాలు పడిపోయాయి. మిషను ఆపరేటరు ఏసుపాదం గుడిసె ఎగిరిపోయింది. దూలం పడి అతని తల్లి ఆదెమ్మకు తుంటి విరిగింది. ఐసు గది గోడకు ఏమీ కాలేదు. ఏసుపాదం ఆ గోడ వెనక తాటాకుల పంచ దించి తల్లి మంచం వేశాడు.

మూడో వారానికి కూడా కరెంటు రాలేదు. గదిలో ఐసు ఎప్పుడో కరిగిపోయింది. తలుపు తేలిగ్గా తిరుగుతోందని ఏసుపాదం సంతోషించాడు. సోమవారం దాదాపీర్ వచ్చి తలుపు కింద నాలుగు వేళ్లు పెట్టి చూశాడు.

"ఆరేళ్లు నేను కోసిందంతా సందయి కూర్చుందయ్యా."

"ఎలకలు దూరతాయి, మూసెయ్ సాయిబూ," అన్నాడు వెంకటప్పయ్య.

దాదాపీర్ గచ్చుకు ఆనేలా చెక్క కొట్టాడు. గురువారానికి ఆ చెక్క కింద వేలు పట్టింది. ఏసుపాదం వెనక్కి వెళ్లి గోడ మొదట్లో తవ్వి చూశాడు. బురద.

"అయ్యగారూ, నేల దిగిపోతందండి. గోడ కిందా అదే మట్టండి. అమ్మని రెండ్రోజులు ఆఫీసు గదిలో పడుకోబెడతానండి."

"అక్కడ లక్ష్మీదేవి పటం ఉందిరా. మీ అమ్మకి అన్నీ మంచంలోనేగా? గోడ నీడ ఇస్తే గది అడిగావు. రేపు మా ఇల్లు అడుగుతావా?"

"పోనీ చర్చి షెడ్డుకి మోసుకుపోతానండి. మూడు మైళ్లు. పూట పడుద్దండి."

"కరెంటు ఇయ్యాలో రేపో ఇస్తారు. ఆ పూటే వచ్చిందనుకో, మిషను మీ అమ్మ తిప్పుద్దా? శనివారం పో. ముందే పోయావా, ఇక రాబాకు."

ఏసుపాదం తల్లికి చెప్పాడు.

"పడేదయితే ఆ గాలికే పడేదిరా," అంది ఆదెమ్మ. "శనివారమే పోదాంలే."

శుక్రవారం పొద్దున పది గంటలకు గోడ వెనక్కి పడింది. గాలి లేదు. ఇటుకలు తీసి ఆదెమ్మను బయటికి తేవడానికి ఆరుగురికి గంట పట్టింది. పునాది మట్టిలో ఐసు పలుకులు ఇంకా ఉన్నాయి.

వెంకటప్పయ్య వచ్చాడు.

"మిషను మీద పడలేదుగా?" అన్నాడు. తర్వాత ఏసుపాదాన్ని పక్కకు పిలిచాడు. "తుఫానులోనే పోయిందని చెప్పు. సర్కారు డబ్బులొస్తాయి. నీకూ మంచిది, నాకూ మంచిది."

మంగళవారం కరెంటు వచ్చింది. ఏసుపాదం మిషను తిప్పి చూశాడు. జనవరిలో అదే పునాది మీద గోడ లేపారు. దాదాపీర్ కొత్త తలుపు తెచ్చాడు.

"కింద నాలుగు వేళ్లు వదిలెయ్ సాయిబూ," అన్నాడు వెంకటప్పయ్య. "నేల మళ్లీ లేస్తదిగా. ఏటా కోసే పని తప్పుద్ది."

ఏసుపాదం తలుపు రెండో కొస పట్టుకున్నాడు. దాదాపీర్ కొలిచి కోశాడు.