కొత్త మందు పడలేదు

మొహిద్దీన్ బాషాగారు రిటైరై ఎనిమిది నెలలైంది. రెబ్కా మాత్రం ఇంకా ఆయనతోనే డ్యూటీ చేస్తున్నట్టు ఉండేది. పర్చూరు అంబులెన్సుకి ఆయన పదకొండేళ్లు పైలట్. డ్రైవరు అంటే ఊరుకునేవారు కాదు. వెనకాల రోగి పక్కన కూర్చుని సూదులూ సెలైన్లూ చూసుకునే టెక్నీషియన్ రెబ్కా. ఇప్పుడాయన వేటపాలెంలో ఏదో జీడిపప్పు షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. ఆయన సీట్లోకి ఉదయ్ కుమార్ వచ్చాడు. బండి బాగా నడుపుతాడు, మాట నెమ్మది. అయితేనేం, బాషాగారు కాదుగా! పాపం, అతను చేసిన నేరమల్లా అదే.

బాషాగారికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. కానీ రెబ్కా మందు సీసా మెడ విరిచి సిరంజిలోకి లాగిందంటే చాలు, ఎక్కడున్నా వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడేవారు. "ఏం మందమ్మా? ఎవరికి? ఎందుకు?" సీసా మీద పేరు చూసి పైకి చదవాలి, రోగి పేరు చెప్పాలి, జబ్బేమిటో చెప్పాలి. అప్పటిగ్గానీ "కానియ్ తల్లీ" అనేవారు కాదు. మొదట్లో ఆమెకి ఒళ్లు మండిపోయేది.

"బాప్తిస్మమిచ్చేటప్పుడు మా పాస్టరుగారు కూడా ఇన్ని అడగలేదండీ!" అని దెప్పింది ఓసారి.

"నీళ్లల్లో ముంచేవాళ్లకేం తల్లీ, తేడా వస్తే పైకి లేపొచ్చు. సూదిలో ఎక్కింది వెనక్కొస్తుందా?" అన్నారాయన.

ఓసారి చిలకలూరిపేట హైవే మీద, స్పిన్నింగు మిల్లు ఎదురుగా లారీ గుద్దిన మనిషి. నొప్పి తగ్గే మందు ఇవ్వబోతూ ఆయన కోసం సీసా మీద పేరు చదివితే, అది ఇంకేదో మందు. రెండు సీసాలూ ఒకే సైజు, ఒకే రంగు. ఆ సిరంజి పక్కన పడేసింది. బాషాగారు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. డ్యూటీ దిగాక అల్లం టీ ఇప్పించి, "చదివావుగా, అంతే చాలు" అన్నారు. ఎంత బాగుండేవి ఆ రోజులు! రంజానుకి ఆయన భార్య సిద్దికా పంపే సేమ్యా, బండి అద్దం తుడుస్తూ ఆయన తీసే పాత పాటలు, అన్నీ పోయాయి. ఎనిమిది నెలలుగా బండి ఎక్కిన ప్రతిసారీ ముందుగా ఆయన సీటు వైపే చూసేది.

డిసెంబరు నెల, మిట్టమధ్యాహ్నం. మిరప చేలో మందు కొడుతూ మనిషి పడిపోయాడని ఫోనొచ్చింది. ఉదయ్ బండిని చేను గట్టుదాకా పోనిచ్చాడు. యాభై ఐదేళ్ల చెంచురామయ్య వెల్లకిలా పడున్నాడు. పక్కన స్ప్రేయరు ఒరిగి, చుట్టూ పురుగుమందు కంపు. ఒళ్లంతా చెమట. నోటి చివర చొంగ, కంటిపాపలు చిన్నవైపోయి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. అతని భార్య సామ్రాజ్యం నెత్తి బాదుకుంటోంది.

"మందు పడలేదమ్మా ఈయనకి! కొత్త మందు! పాతదే నయం, ఇది మరీ ఎక్కువగా ఉందయ్యా అని నాల్రోజుల్నించీ మొత్తుకుంటానే ఉన్నా. వింటేనా!"

ఇంకేం కావాలి? మిరపకీ పత్తికీ మందు కొట్టి పడిపోయినవాళ్లని రెబ్కా ఎందరిని చూసిందో లెక్కలేదు. మనిషిని బండిలోకి ఎక్కించగానే, పురుగుమందుకి విరుగుడు అట్రోపిన్ సిరంజిలోకి లాగింది. అలవాటుగా వెనక తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఉదయ్ స్ట్రెచర్ పట్టీలు బిగిస్తున్నాడు. బాషాగారి మీద బెంగ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆయన అడగాల్సిన మాట తనే పైకి అనేసుకుంది.

"ఏం మందమ్మా?"

బండెక్కి భర్త కాళ్ల దగ్గర కూర్చున్న సామ్రాజ్యం, తననే అడిగిందనుకుంది. "షుగర్ మందమ్మా! ఇంకేం మందు? పోయినవారం డాట్రుగారు మార్చాడు. పొద్దున్నే ఆ బిళ్ల వేసుకుని, టిఫినన్నా తినకుండా చేలోకొచ్చాడు!"

రెబ్కా చెయ్యి ఆగిపోయింది. ఈ ఊళ్లల్లో చేలో కొట్టేదీ మందే, నోట్లో వేసుకునేదీ మందే. పుట్టినప్పట్నించీ ఆ మాట మధ్యనే పెరిగిన తను, కొత్త మందు అనగానే పురుగుమందనే అనుకుంది. కంటిపాపలు చిన్నవంటే, నెత్తిన మండే ఎండాయె, ఆ వెలుగుకి ఎవరికైనా చిన్నవవుతాయి. చెమటలు షుగర్ పడిపోయినా పడతాయి. వేలు పొడిచి షుగర్ ఎంతుందో చూసింది. డెబ్భైకి తగ్గకూడదు. ముప్పై నాలుగు! అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పరీక్ష అది. షుగర్ పడిపోయినవాడికి ఈ సూది గుచ్చి ఉంటే గుండె పరిగెత్తేది. అసలు రోగం అలాగే ఉండేది, మనిషి దారిలోనే పోయేవాడు. నింపిన సిరంజి అవతల పెట్టి, గ్లూకోజు తీసి, పేరు పైకి చదివి నరంలోకి ఎక్కించింది.

కాసేపటికి చెంచురామయ్య కళ్లు తెరిచాడు. "స్ప్రేయరేదే? మందంతా ఒలికిపోయిందా?" అన్నాడు.

"ఒలికితే ఒలికింది, నీ మొహం మండ!" అని సామ్రాజ్యం భోరుమంది.

ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు, తను ఏ మందు ఇవ్వబోయిందో రెబ్కా డాక్టరుకి దాచకుండా చెప్పింది. బయటికొచ్చి బండి మెట్టు మీద కూలబడింది. ఉదయ్ మంచినీళ్ల సీసా అందించాడు. దాంతో కోపమంతా అతని మీదికే మళ్లింది.

"బాషాగారుంటే అడిగేవారు. ఎనిమిది నెలల్లో నువ్వు ఒక్కసారన్నా అడిగావా, ఏం మందు అని?"

ఉదయ్ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అడిగాను మేడమ్. మొదటి రోజే. బండి అప్పగించేటప్పుడు ఆయనే నాకు మరీమరీ చెప్పారు, అమ్మాయిని అడుగుతూ ఉండు, మానొద్దు అని. 'నీ పని స్టీరింగు, అది చూసుకో' అన్నారు మీరు."

రెబ్కాకి గుర్తొచ్చింది. ఆ రోజు ఆ మాట వేరే గొంతులో వినేసరికి ఓర్చుకోలేకపోయింది. బాషాగారి చోటుని పదిలంగా కాపాడుతున్నాననుకుంటూ, ఆయన తనకి తోడుగా పెట్టి వెళ్లిన మనిషి నోరు తనే మూయించింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆపుకోకుండా ఏడ్చింది.

"ఇక నుంచి అడుగు ఉదయ్," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేను కసిరినా సరే, అడుగు."