మొదటి పేరు

ఐర్లాండ్‌లో పొద్దుటి రైలు కిల్డేర్ దాటే వేళకి అనంతరామ్ కళ్ళద్దాలు తుడుచుకోవడం పూర్తవుతుంది. పోర్ట్‌లీష్‌లో ఎక్కడం, కిటికీ పక్కన కూర్చోవడం, చొక్కా అంచుతో ముందు ఎడమ అద్దం, తర్వాత కుడి అద్దం తుడవడం, మళ్ళీ పెట్టుకుని బయటికి చూడడం. కొత్తగా కనిపించేదేమీ ఉండదు. తడిసిన పొలాలు, వాటిలో తడిసిన గొర్రెలు. మనిషీ అంతే, రెండోసారి తలతిప్పి చూడవలసిన పనిలేని మనిషి. యాభై దాటిన వయసు, నడినెత్తిన పలచబడ్డ జుట్టు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, మోచేతుల దగ్గర అరిగిన నీలం స్వెటర్. చేతులు మాత్రం ఆ మనిషికి మించి పొడుగు. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో చిన్నప్పుడు అతణ్ణి గోలీగా నిలబెట్టింది ఆ చేతుల్ని చూసే. గోలీ అంటే గోల్‌కీపర్. ఊరంతా క్రికెట్ ఆడుతుంటే ఆ క్వార్టర్స్ పిల్లలు ఒట్టి కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడేవారు.

ఈ శుక్రవారం అతని కాళ్ళ దగ్గర ఒక చిన్న సంచి కూడా ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఎయిర్‌పోర్టుకి, అక్కణ్ణుంచి మాడ్రిడ్‌కి. ఆదివారం ఆట, సోమవారం తిరుగు ప్రయాణం. ఆఫీసువాళ్ళు ఐదుగురు, తనొకడు. సంచిలో రెండు జతల బట్టలు, వాటిని నలిపేస్తూ భార్య ప్రభావతి కుక్కిన సకినాల డబ్బా.

"ఆళ్ళకు గూడ పెట్టు. ఒక్కనివే నమలకు," అని పొద్దున గుమ్మం దగ్గర మరీ మరీ చెప్పి పంపింది.

మాడ్రిడ్‌లో రెండు పెద్ద ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఎప్పుడూ గెలిచే జట్టుని లోకమంతా ప్రేమిస్తుంది, దానికి పెద్ద గుండె అక్కర్లేదు. అనంతరామ్‌ది రెండో జట్టు. ఇంతకుముందు రెండుసార్లు ఆఫీసువాళ్ళు ఆ ఊరు వెళ్ళొచ్చారు. వాళ్ళకేం, పాస్‌పోర్టు జేబులో వేసుకుని పక్కవీధికి వెళ్ళినట్టు వెళ్తారు. ఇతనిది భారతీయ పాస్‌పోర్టు. ఐర్లాండ్‌లో ఎన్నేళ్ళున్నా స్పెయిన్‌కి వేరే వీసా కావాలి. దానికి అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆటా అయిపోయేది, సీజనూ అయిపోయేది. రెండుసార్లూ ఇక్కడ కూర్చుని వాళ్ళకి ఫోన్లో దారులు చెప్పాడు. పోయిన ఏడాది ఐరిష్ పౌరసత్వం తీసుకున్నాడు. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు కళ్ళు చెమర్చాయి. అందులో సంతోషం ఎంతో, దిగులు ఎంతో అతనికే తెలియలేదు.

ఈసారి ఏర్పాట్లన్నీ అతనివే. అక్కడి లీగ్‌వాళ్ళు ఆట శనివారమో ఆదివారమో చివరి వారాల దాకా తేల్చరు. వాళ్ళకన్నా మన పెళ్ళిళ్ళ పంతుళ్ళు నయం. అందుకే శుక్రవారం వెళ్ళి సోమవారం వచ్చేలా టిక్కెట్లు తీసుకోమన్నాడు. శనివారం అన్న ఆట ఆదివారానికి మారినప్పుడు అందరూ అతని వీపు తట్టారు. మెట్రో ఎక్కడ మారాలో, స్టేడియంలోకి ఏ వైపు నుంచి వెళ్ళాలో, రాత్రి పది కొడితే తప్ప భోజనం పెట్టని ఊళ్ళో అందాకా ఏం తినాలో, అన్నీ చూసిపెట్టాడు. శనివారం వెంకటేశ్వరస్వామి వారం, మాంసం సరికదా గుడ్డు కూడా ముట్టడు. కొట్టు కొట్టుకీ పంది తొడలు వేలాడే ఊళ్ళో శనివారం గడిచేదెలాగా అని వెతికితే, నూనెలో వేయించి ఉప్పు చల్లిన పచ్చిమిరపకాయలు దొరికాయి. మన మిరపకాయ బజ్జీకి దూరపు చుట్టం అనుకుని ఊరట పడ్డాడు.

విమానం టిక్కెట్లు కొనడం ఒక్కటే డెక్లన్‌కి వదిలాడు. ఆ డెక్లన్ కాజిల్‌బార్ దగ్గర గొర్రెల కాపు కొడుకు, ఆఫీసులో ఎదుటి బల్ల, ఈ గుంపుకి పెద్ద. రైలు న్యూబ్రిడ్జ్ చేరేటప్పుడు అతని దగ్గర్నుంచి వాట్సాప్‌లో అందరి బోర్డింగ్ పాసులూ వచ్చాయి. అనంతరామ్ తనది తెరిచాడు.

మిస్టర్ గూడీ అనంతరామ్.

పాస్‌పోర్టులో ఉన్నది అనంతరామ్ గుడిమెట్ల. ఎప్పుడూ లేనిది ఆ రోజు రెండోసారి అద్దాలు తీసి తుడిచి చూశాడు. గూడీయే.

ఇది పద్నాలుగేళ్ళ నాడు తన చేత్తో తను చేసుకున్న తప్పు. డాక్‌ల్యాండ్స్ పేటలో ఈ కంపెనీలో చేరిన రోజున కంప్యూటర్ 'ఫస్ట్ నేమ్' అడిగింది. ఫస్ట్ అంటే మొదటిది. మొదట వచ్చేది ఇంటిపేరే కదా! బళ్ళో హాజరు పట్టీ దగ్గర్నుంచి పెళ్ళి శుభలేఖ దాకా గుడిమెట్ల అనంతరామ్ అనే ఉంది. అలాగే నింపాడు. మర్నాటి నుంచి అతను గుడిమెట్ల. ఆ మాట వాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి వారం తిరక్కుండా గూడీ అయింది. కొత్తలో, ఉద్యోగం కొత్త కదా అని చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడు చెబితే ఏం బాగుంటుందని చెప్పలేదు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం అడిగినా 'గ్రాండ్' అంటాడు, అంతా బాగుంది అని. ఈ దేశంలో ఆ ఒక్క మాటతో బతుకు వెళ్ళదీయొచ్చు.

ఫోన్లో ఆ పిలుపు మొదటిసారి విన్నప్పుడు ప్రభావతి మండిపడింది.

"గుడ్డి అంటున్రా నిన్ను? అద్దాలు పెట్టుకున్నోళ్ళంత గుడ్డోళ్ళేనా?"

నిజానికి ఇక్కడ అతని పేరు పలికేవాళ్ళే లేరు. ప్రభావతి పలకదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట. జీపీ డాక్టరు దగ్గర రిసెప్షన్ అమ్మాయి భర్త పేరడిగితే, పక్కనున్న కూతురు ఆమనిని మోచేత్తో పొడుస్తుంది. ఆమనికి తను డాడ్. ఊళ్ళో ఉన్న తెలుగు కుర్రాళ్ళకి అంకుల్. లాలాగూడ నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసి "అనంతరామూ, తిన్నవా బిడ్డా" అని అడిగే అమ్మ మూడేళ్ళ కిందట పోయింది. ఆ పేరు కూడా అమ్మతో పాటే పోయిందని ఒకసారి అనిపించి, ఏదో పనిలో పడిపోయాడు.

హ్యూస్టన్ స్టేషన్లో దిగి, లూవాస్ ట్రామ్ ఎక్కి, నది మీద వీణ తీగెల్లాంటి ఇనప తాళ్ళ వంతెన దాటి ఆఫీసు చేరాడు. అతనిది సాఫ్ట్‌వేర్ రాసే పని కాదు. రాసేవాళ్ళ ల్యాప్‌టాప్‌లు చెడితే బాగుచేసే పని. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళు ముగ్గురొచ్చారు. మూడో అంతస్తులో ప్రింటరు కాగితం మింగి కూర్చుంటే పొట్ట విప్పి లాగాడు. పెళ్ళయి ఇంటిపేరు మార్చుకున్న ఒకమ్మాయికి కంప్యూటర్లో పేరు మార్చి ఇచ్చాడు. "అప్పుడే అయిపోయిందా, గూడీ? నువ్వు దేవుడివి," అందా పిల్ల. ఎవరి పేరైనా చిటికెలో మార్చగలడు మహానుభావుడు, తనది తప్ప.

ఎదుటి బల్ల దగ్గర డెక్లన్ మెడకి ఎర్ర మఫ్లరు చుట్టుకుని పాటలు పాడుతున్నాడు. అనంతరామ్ కక్కలేక మింగలేక కూర్చున్నాడు. చెప్పకపోతే విమానం ఎక్కనివ్వరు. చెబితే, అంత మంచివాణ్ణి పట్టుకుని ఇన్నేళ్ళూ తప్పు పేరుతో పిలిచావయ్యా అని మొహాన అన్నట్టు. ఫోన్లో చిన్న సందేశం రాశాడు. ఇంట్లో అర్జెంటు పని పడింది, నేను రాలేను, మీరు సంతోషంగా వెళ్ళిరండి. పంపే ముందు మెట్ల దగ్గరికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇగో, నేను పోతలేను. టికెట్ల పేరు తప్పు పడ్డది."

"తప్పు పడితే దిద్దుమను."

"ఎట్ల దిద్దుమందు? గూడీ అంటే ఇన్నేండ్ల సంది పలుకుతనే ఉన్న. ఇయ్యాల గది నా పేరు గాదంటే ఆ డెక్లన్ మొహం ఎట్లయితది? పాపం, మంచోడు."

"ఆయన మొహం సంగతి ఆయన జూసుకుంటడు. ఆదివారం టీవీ ముంగట నీ మొహం జూడాల్సింది నేను గదా."

మధ్యలో ఆమని గొంతు వినిపించింది. బడి సెలవులు, ఇంట్లోనే ఉంది. "డాడ్, జస్ట్ టెల్ హిమ్, లైక్. హీ'ల్ బీ గ్రాండ్."

అవతల కుక్కరు కూసి ఆగింది. ప్రభావతి గొంతు సవరించుకుంది.

"అనంతరామ్," అంది.

అతను పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతులో ఆ మాట వినలేదు. కొంచెం వణికింది, కొంచెం కోపంగా కూడా ఉంది.

"గిట్ల. నేనే అన్న. నీకేం గాలే గదా? ఇగ పో, పోయి నువ్వు గూడ అను."

ఫోన్ పెట్టేసింది. అనంతరామ్ అక్కడే నిలబడిపోయాడు. ఒళ్ళంతా ఆనందం పాకింది. ఆ ఆనందం చల్లారకముందే రాసిన సందేశం చెరిపేసి, గబగబా డెక్లన్ దగ్గరికి నడిచాడు. ఆలస్యమైతే మళ్ళీ పిరికితనం వచ్చేస్తుందని అతనికి తెలుసు.

విషయం విని డెక్లన్ కొరుకుతున్న శాండ్‌విచ్ కింద పెట్టాడు.

"గూడీ నీ పేరు కాదా?"

"మా తాతది, మా నాన్నది, మా బాబాయిలందరిదీ. నాది అనంతరామ్."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదేం?"

"చెప్పాల్సింది," అన్నాడు అనంతరామ్. "నాదే పొరపాటు."

"కాదు, నేను అడగాల్సింది." డెక్లన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. వెంటనే విమానాల కంపెనీకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. చాలాసేపు సంగీతం వాయించాక ఒకావిడ పలికింది. పేరు ఎవరో చెబితే కుదరదట, ప్రయాణికుడే చెప్పాలట. అనంతరామ్ చెప్పాడు. వినపడలేదంది. మళ్ళీ చెప్పాడు. లైను బాగాలేదు, గట్టిగా చెప్పమంది.

ఫుట్‌బాల్‌లో గోలీకి ఒక బాధ్యత ఉంది. బంతి గాల్లో వస్తున్నప్పుడు "నాదీ!" అని అరవాలి. అరవకపోతే సొంత జట్టువాళ్ళే మీదపడి గుద్దుకుంటారు. లాలాగూడ మైదానంలో అలా అరిచిన గొంతు ఒకటి ఇన్నేళ్ళుగా అతనిలో మూలపడి ఉంది. ఊపిరి పీల్చి, ఆ గొంతుతో పేరు చెప్పాడు. తర్వాత అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. ఆ అంతస్తు మొత్తం టైపు చేయడం ఆపి విన్నది.

"సరే, మరి ఈ గూడీ ఎవరు?" అంది ఫోన్లో ఆవిడ.

"అదీ నేనేనండి," అన్నాడు అనంతరామ్. అందరూ గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. పైవాళ్ళని అడిగి చెబుతానని ఆవిడ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం డెక్లన్ పాటలు పాడలేదు. తన పని చూసుకోకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. టీ వేళ దాటాక కొత్త పాసు వచ్చింది. మిస్టర్ అనంతరామ్ గుడిమెట్ల. డెక్లన్ కుర్చీలోంచి లేచి దాన్ని పైకి చదివాడు, రాయి దాటి రాయి మీద కాలేస్తున్నట్టు.

"అనన్... తా... రామ్. రామ్!" అతని మొహం వెలిగిపోయింది. ఇంగ్లీషులో ఆ మాటకి పొట్టేలు అని అర్థం. "మా మంద మొత్తానికి ఒక్కటే ఉండేది. మా నాన్న దానికిచ్చిన మర్యాద పిల్లలం మాకెవ్వరికీ ఇవ్వలేదు."

రాముడి పేరు పెట్టి పెంచుకున్న అమ్మ ఇది వింటే చీపురు తీసుకునేది. తర్వాత కడుపుబ్బ నవ్వేది కూడా. అనంతరామ్ అమ్మ కోసం, తన కోసం కలిపి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

సాయంత్రం వాన వెలిసింది. ఆరుగురూ సంచులు భుజాన వేసుకున్నారు. పక్క కుర్చీలో పనిచేసే ఓర్లా వెళ్ళడం లేదు, సోమవారం అతని పని కూడా తనే చూస్తుంది. సకినాల డబ్బా తీసి ఆమెకి నాలుగు పెట్టాడు.

"వెళ్ళొస్తాను," అన్నాడు అలవాటు కొద్దీ తెలుగులోనే. ఆమెకి అర్థమైనట్టే ఉంది, చెయ్యి ఊపింది. లిఫ్టు తలుపులు మూసుకునే దాకా డెక్లన్ గొంతు వినిపించింది. పేరుకి పాట కట్టే ప్రయత్నంలో ఉన్నాడు.

ఆఫీసులో మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఓర్లా సకినం కొరికి, పళ్ళు గట్టివో ఇది గట్టిదో తేలక కాసేపు పోరాడి, తనూ కోటు వేసుకుంది. పోబోతూ ఆగి, ఏదో రాసి, అతని కుర్చీ వీపుకి అంటించి వెళ్ళింది. ఏది చెడినా మంగళవారం దాకా అలాగే ఉండనివ్వండి, అనంతరామ్ మాడ్రిడ్‌లో ఉన్నాడు, అని ఉంది ఆ పసుపుపచ్చ చీటీ మీద. పేరు దగ్గర రెండుసార్లు తప్పు రాసి కొట్టేసి, మూడోసారి పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ విడివిడిగా, సరిగ్గా రాసి ఉంది.